ఇంగ్లీషు మాట – ఇంటి మాట: గీత ఎక్కడ గీయాలి?



ఈ నెల మాట 'డ్రా ది లైన్'. డ్రా అంటే గీయుట, లైన్ అంటే గీత. ఇందులో నేర్చుకొనేదేముంది అనుకోకండి. దీన్ని తప్పుగా వ్రాసి నేను అన్నకొడుకును పోగొట్టుకోబోయాను.

పెందుర్తిలో మా అన్నయ్య పొలానికీ నా పొలానికీ మధ్య ఒక గట్టు ఉండేది. అన్నయ్య ఖరగ్‌పూర్ రైల్వేలో పనిచేసి అక్కడే ప్రభువునందు నిద్రించాడు. అతని కుమారునికి తెలుగు మాట్లాడడం వచ్చు గాని చదవడం రాదు. గట్టు ప్రక్కన రెండు గజాల నేల కోసం మాకు మాటా మాటా వచ్చింది. తరువాత నా మనస్సాక్షి నన్ను గద్దించింది. జరిగినది మరచిపోదాము అనే ఉద్దేశముతో ఇంగ్లీషులో ఉత్తరం వ్రాసి, చివర 'లెట్ అస్ డ్రా ది లైన్' అని పెట్టాను. 'ఇక హద్దు తేల్చుకుందాం' అని అబ్బాయి అర్థం చేసుకున్నాడు. జవాబుగా వకీలు నోటీసు వచ్చింది!

మా సంఘములోని ఒక టీచరుగారు ఉత్తరపు నకలు చూచి పొరపాటు చెప్పారు. 'డ్రా ది లైన్' అంటే ఇంతవరకే, ఇక దాటను అని. తరువాత 'ఎట్' వస్తుంది. 'ఐ డ్రా ది లైన్ ఎట్ టెల్లింగ్ లైస్' అంటే, ఏ సహాయమైనా చేస్తాను గాని అబద్ధం మాత్రం ఆడను అని. 'బిట్వీన్' పెడితే రెండింటికీ తేడా చూపుట. నేను వ్రాయవలసినది 'డ్రా ఎ లైన్ అండర్ ఇట్'. లెక్క తేలాక పద్దు క్రింద గీత గీస్తాము కదా, అలాగే జరిగినదాన్ని అక్కడితో ముగించుట. మన తెలుగులో 'చెల్లుకు చెల్లు' అన్నట్టు.

పరభాషలో వ్రాసేటప్పుడు ఆ భాష తెలిసినవారికి చూపించుట మంచిది. 1805లో విశాఖపట్నం వచ్చిన లండన్ మిషనరీలు క్రాన్, డెస్ గ్రాంజెస్ గార్లు అదే చేశారు. తెలుగు తెలిసిన ఆనందరాయరు సహాయం తీసుకున్నారు. 1812లో మూడు సువార్తలు తెలుగులో శ్రీరాంపురంలో అచ్చయ్యాయి.

పొలిమేర రాయి తీయవద్దని సామెతలు 22:28 హెచ్చరిస్తున్నది. ఆ హద్దు దాటరాదు. అయితే ఆదికాండము 13లో అబ్రాము తన సహోదరుని కుమారుడైన లోతుతో కలహము వద్దని, నేల కోరుకొనే హక్కు అతనికే ముందు ఇచ్చాడు. మన మీద ఉన్న ఋణపత్రాన్ని ప్రభువు సిలువ మీద కొట్టివేశాడని కొలొస్సయులకు 2:14 చెబుతున్నది. మన పద్దు క్రింద ఆయన గీత గీశాడు. మరి నేను రెండు గజాలు లెక్కపెట్టవచ్చునా?

రైలెక్కి ఖరగ్‌పూర్ వెళ్లాను. "నాయనా, తప్పు నాది" అని తెలుగులోనే చెప్పాను. "చిన్నాన్నా, ముందు భోజనం చేయండి" అన్నాడు. గట్టు నా వైపు రెండు గజాలు జరిగింది.