రాతిమీద గోనెపట్ట

సౌలు ఉపపత్ని రిస్పా కొడుకులిద్దరినీ గిబియోనీయులు కొండమీద ఉరితీశారు. ఆ తల్లి రాతిమీద గోనెపట్ట పరచుకొని, కోతకాలం మొదలు వానలు కురిసేదాకా అక్కడే ఉండిపోయింది. పగలు పక్షులను, రాత్రి అడవి మృగాలను శవాల దగ్గరికి రానివ్వలేదు (2 సమూ. 21:10). ఆమె ప్రార్థించినట్టు గానీ, దేవుణ్ని స్తుతించినట్టు గానీ బైబిల్లో ఒక్క మాటా లేదు. ఒక స్థలాన్నే కళగా మలిస్తే ఇప్పుడు ఇన్‌స్టలేషన్ అంటున్నారు. రిస్పా గోనెపట్ట అలాంటిదేననిపిస్తుంది నాకు.

జర్మన్ శిల్పి కేథే కోల్విట్జ్ బోధకుని మనవరాలు. 1914లో చిన్నకొడుకు పీటర్ యుద్ధానికి వెళ్తానంటే తండ్రి వద్దన్నాడు, తల్లే ఒప్పించింది. ఆ అక్టోబరులోనే 18 ఏళ్ల పీటర్ బెల్జియంలో చనిపోయాడు. (మన సాలూరు, పార్వతీపురం సంఘాలకు జర్మన్ మిషనరీలను దూరం చేసిందీ ఆ యుద్ధమే.) దేశం కోసం బలి అన్న నమ్మకం ఆమెలో క్రమంగా చచ్చిపోయింది. కొడుక్కి స్మారక శిల్పం చెక్కబోయింది. పడుకున్న కొడుకు రూపం మొదలుపెట్టి, 1919లో వదిలేసింది. మళ్లీ పట్టుకున్నాక శిల్పంలోంచి కొడుకునే తీసేసింది. 1932లో అక్కడి సైనికుల సమాధుల తోటలో నిలిపినవి రెండే విగ్రహాలు: మోకరించిన తండ్రి, మోకరించిన తల్లి. వేర్వేరు రాళ్లు, మధ్యలో ఖాళీ. ముఖాలు ఆ భార్యాభర్తలవే. తండ్రి చేతులు జోడించలేదు, తనను తానే బిగించి పట్టుకున్నాడు. ఇంత చెప్పడానికి ఆమెకు 18 ఏళ్లు పట్టింది.

మనం అన్నేళ్లు ఆగుతామా? ఈస్టరు వేకువన శ్రీకాకుళంలో, విజయనగరంలో సున్నం వేసిన సమాధులమీద పూలు, కొవ్వొత్తులు పెడతాం. రాతిమీద పేరు, తేదీలు, ఒక వాక్యం. కళింగపట్నం, భావనపాడు తీరాన వేటకెళ్లి తిరిగిరానివారికి ఆ రాయి కూడా దక్కదు. అయినా ఆదరణ కూడిక ముగిసిన నెలకే, "ఇంకా ఏడుస్తావేంటమ్మా, విశ్వాసం లేదా?" అని అడిగేది సంఘంలో ఉన్న మనమే. యోబు మొదటి అధ్యాయం వినిపిస్తాం, మూడో అధ్యాయం దాటేస్తాం. ఆ ప్రశ్నకు జవాబు లేకే కొందరు గుడికి రావడం మానేస్తారు. వారి విశ్వాసం పోయిందని లెక్క రాసేసుకుంటాం.

రిస్పాను లేచి ఇంటికి పొమ్మని ఎవరైనా అన్నట్టు లేదు. ఆమె చేసింది దావీదు చెవిన పడింది. అతడు వెళ్లి సౌలు, యోనాతానుల ఎముకలు తెప్పించాడు, ఉరితీసినవారి ఎముకలు కూడా ఏరించి, పాతిపెట్టించాడు. ఆ తర్వాతే దేశం కోసం చేసిన విన్నపాన్ని దేవుడు అంగీకరించాడు (21:14).