ఖిల్లాలో ఖజానా వేట: గడ్డపార వద్దు, నోట్‌బుక్ చాలు



పోయిన చలికాలం సెలవుల్లో మా ఆపా పిల్లలిద్దర్నీ ఖమ్మం ఖిల్లా చూపిద్దామని తీసుకెళ్ళాను. సగం గుట్ట ఎక్కామో లేదో, పదేళ్ళ మేనల్లుడు ఆగిపోయాడు. "మాము, ఇక్కడ ఖజానా ఉందంట గదా! తవ్వితే మనకు దొరుకుద్దా?" స్కూల్లో దోస్తులు చెప్పారట.

నవ్వి దాటేసేవాణ్ణే. కానీ మా చాచా గుర్తొచ్చాడు. అడవి అంచు ఊళ్ళో చిన్న కిరాణా దుకాణం ఆయనది. ఆమిల్‌నని చెప్పుకుంటూ ఎవడో వచ్చాడు. ఊరవతల పాత బండల కింద గుప్తనిధి ఉందని, దానికి జిన్నాత్ కాపలా అని, అమావాస్య రాత్రి అమల్ చేస్తే కట్టు విడుతుందని నమ్మించాడు. ఆ ఖర్చులకని చాచీ గొలుసు, గాజులు కుదువ పెట్టించాడు. మూడు రాత్రులు తవ్వారు. బొగ్గుముక్కలు, కుండపెంకులు వచ్చాయి. నాలుగో రోజు ఆమిల్ లేడు. లేని బంగారం కోసం పోయి ఇంట్లో బంగారం పోగొట్టుకున్నారు. ఆ తర్వాత ఏ షాదీకి వెళ్ళినా చాచీ మెడ మీద కొంగు కప్పుకునే కూర్చునేది.

ఆ కుండపెంకులేమిటో నాకు చాలా ఏళ్ళకు అర్థమైంది. పినపాక వైపు జానంపేట అడవుల్లో, పెద్ద బండలు నిలబెట్టి పైన మరో బండ కప్పిన కట్టడాలు ఉన్నాయి. ఇలాంటివాటిని మన జనం రాక్షసగుళ్ళంటారు. నిజానికి అవి ఇనుప యుగపు మనుషుల సమాధులు, రెండు వేల ఏళ్ళకు పైబడినవి. మయ్యత్ పక్కన కుండలు, ఇనుప పనిముట్లు పెట్టేవారు. చాచా వాళ్ళు చీకట్లో పగలగొట్టింది కూడా అలాంటి ఎవరిదో కబరే అయి ఉంటుంది. మన ఖబరస్తాన్‌లో ఎవరైనా ఆ పని చేస్తే మనం ఊరుకుంటామా?

లాలచ్‌తో తవ్వితే ఏం మిగులుతుందో అమరావతిని చూస్తే తెలుస్తుంది. 1797లో కాలిన్ మెకంజీ అనే బ్రిటిష్ అధికారి అక్కడి స్తూపం చూడటానికి వచ్చేసరికే ఇటుకలు, రాళ్ళ కోసం దిబ్బను తవ్వేస్తున్నారు. 1816లో మళ్ళీ వచ్చేసరికి స్తూపం ఉన్నచోట చెరువు కోసం తీసిన గొయ్యి ఉంది. మిగిలిన శిల్పాల్లో ఎన్నో ఇవాళ లండన్‌లో, చెన్నైలో ఉన్నాయి.

కొందరు దీనికి దీన్ రంగు కూడా పూస్తారు. "రికాజ్‌లో ఐదో వంతు ఇచ్చేస్తే మిగతాది హలాలే గదా భాయ్" అంటారు. ఆ మసలా దొరికిన నిధి గురించి. ఒకరి కబర్ పగలగొట్టడానికి, ఒక గోడ కూల్చడానికి అది ఇజాజత్ ఎలా అవుతుంది? అనుమానముంటే మీ మసీదు ఆలిమ్ సాబ్‌ను అడగండి, ఆమిల్‌ను కాదు. కానూన్ కూడా స్పష్టంగానే ఉంది. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం భూమిలో దొరికినదాని విలువ పది రూపాయలు దాటితే చాలు, కలెక్టర్‌కు తెలియజేయాలి.

మరి పిల్లల షౌక్ సంగతేంటి? ఖజానా అనగానే వాళ్ళ కళ్ళలో వచ్చే ఆ రౌనక్‌ను చంపకూడదు. దారి మళ్ళించాలి. ఇంగ్లండ్‌లో డార్ట్‌మూర్ అనే బీడుకొండల ప్రాంతం ఉంది. 1854లో జేమ్స్ పెరట్ అనే గైడు అక్కడ క్రాన్‌మియర్ మడుగు దగ్గర ఒక సీసా పెట్టాడు. అంత దూరం నడిచి వచ్చినవాళ్ళు తమ పేరున్న కార్డు అందులో వేసి వెళ్ళేవారు. దాన్నుంచి లెటర్‌బాక్సింగ్ అనే ఆట పుట్టింది. ఎక్కడో ఒక డబ్బా దాస్తారు. అందులో నోట్‌బుక్, రబ్బరు స్టాంపు ఉంటాయి. ఆనవాళ్ళను పట్టుకుని వెతికినవాళ్ళు ఆ స్టాంపు తమ పుస్తకంలో, తమ స్టాంపు డబ్బాలోని పుస్తకంలో వేసుకుంటారు. ఎవరూ ఏదీ ఇంటికి తీసుకుపోరు.

నాకు నచ్చిన సంగతి ఇంకోటుంది. మన రాక్షసగుళ్ళ లాంటి రాతి సమాధులు డార్ట్‌మూర్‌లోనూ ఉన్నాయి. వాటినీ ఒకప్పుడు నిధుల ఆశతో తెరిచారు. ఇప్పుడు ఈ ఆటగాళ్ళు పెట్టుకున్న ఉసూల్ ఏమిటంటే, పాత కట్టడాల్లో, సమాధుల్లో, గోడల్లో డబ్బా పెట్టకూడదు.

మన దగ్గర ఇంకో అడుగు ముందుకేసి అసలు డబ్బానే వద్దంటాను. భద్రాచలం అడవి దారుల్లో పోలీసుల తనిఖీలు చూసినవాళ్ళం. దిక్కులేని డబ్బా కనిపిస్తే ఎవరైనా బెదురుతారు. గుడి దగ్గరో, కోట గోడ దగ్గరో డబ్బా పెట్టినవాడు మన పిల్లాడైతే, పేరు అడిగాక ఏమవుతుందో విడమరిచి చెప్పాలా? చెప్పుకోవడానికి బాధగా ఉన్నా ఇది హకీకత్. ఆట కోసం ఏ తల్లీ ఆ రాత్రి ఠాణా ముందు నిలబడకూడదు.

కాబట్టి నోట్‌బుక్ ఒక్కటే పట్టుకుని పగటిపూట, పెద్దవాళ్ళ తోడుతో, కావలి ఉన్నచోట చెప్పి వెళ్దాం. స్టాంపు ఇంట్లో నానీ దగ్గర ఉంటుంది. జవాబు సరిగ్గా రాసుకొచ్చినవాళ్ళకు నానీయే ముద్ర వేస్తుంది. ప్రశ్నలకు మన జిల్లాలో కొదవా? సీతాపతిరాజు షితాబ్ ఖాన్ ఎలా అయ్యాడు? ఖిల్లాలో బావికి జాఫర్ అనే పేరు ఎవరివల్ల వచ్చింది? నేలకొండపల్లి దిబ్బ కింద బయటపడిన ఇటుకల కట్టడం ఏ మతం వాళ్ళది? అదే ఊళ్ళో పుట్టిన కంచర్ల గోపన్న తహశీల్దారై, సర్కారు సొమ్ముతో భద్రాచలం గుడి కట్టి, తానీషా హుకుంతో గోల్కొండ ఖైదులో పడ్డాడు. ఆ బాకీ ఎవరు తీర్చారని జనం చెప్పుకుంటారు? శ్రీరామనవమికి సర్కారు తరఫున ముత్యాల తలంబ్రాలు వెళ్ళే రివాజ్‌ను ఏ బాద్‌షా పేరుతో ముడిపెడతారు? ఇవన్నీ తెలుసుకున్న పిల్లాణ్ణి "మీరు ఎక్కడినుంచి వచ్చారు?" అని ఎవరైనా అడిగితే తడుముకోడు. మన విరాసత్ ఈ మట్టిలోనే ఉంది, అందరి విరాసత్‌తో కలిసిపోయి.

ప్రతి జుమాకు మనం చదివే సూరా కహఫ్‌లోనూ ఒక ఖజానా ఉంది. ఇద్దరు యతీమ్ పిల్లలది, పడిపోబోయే గోడ కింద. ఖిజర్ అలైహిస్సలాం దాన్ని తవ్వలేదు. కూలి కూడా అడక్కుండా గోడ నిలబెట్టి వెళ్ళిపోయారు. పిల్లలు పెద్దయ్యేదాకా వాళ్ళ అమానత్ భద్రంగా ఉండాలి గదా. ఈ పాత గోడలు కూడా ఇంకా పెరగాల్సిన పిల్లల అమానతే. మన వంతు పని గోడ నిలబెట్టడం.

మేనల్లుడు ఆ రోజు జాఫర్ బావి మెట్లు రెండుసార్లు లెక్కపెట్టాడు. రెండుసార్లూ రెండు లెక్కలొచ్చాయి. నానీ ముద్ర వేయనంది. వచ్చే ఆదివారం మళ్ళీ వెళ్తున్నాం, ఇన్‌షా అల్లాహ్.