బిట్‌కాయిన్ త్రవ్వకమును, పంట అప్పును

పట్టణములలో చదువుకొనుచున్న పిల్లలు పండుగలకు ఇంటికి వచ్చినపుడెల్ల మన గ్రామములలో బిట్‌కాయిన్ అను మాట వినవచ్చుచున్నది. దీనిని గూర్చి సభ్యులు మమ్ము రెండు ప్రశ్నలు అడుగుచున్నారు. ‘ఇది జూదమా, పనియా?’ యనునది మొదటిది. ‘మావాడు ఒక యంత్రము కొనవలెననుచున్నాడు, సంఘమున అప్పు పుట్టునా?’ యనునది రెండవది. రెండవ దానికి ఒక్క మాటలో బదులు చెప్పవచ్చును: పుట్టదు, పుట్టరాదు. మొదటి ప్రశ్న అంత సులువైనది కాదు. దానిని కొంచెము విప్పి చెప్పినగాని ఈ బదులు సభ్యులకు రుచింపదు.

బిట్‌కాయిన్ చేతితో పట్టుకొను నాణెము కాదు. అది ఒక చిట్టాలోని పద్దు. సతోషి నకమోటో అను పేరుతో ఒకరు 2008 అక్టోబరు 31వ తేదీన దీని పద్ధతిని వివరించుచు చిన్న వ్యాసమును ప్రకటించిరి. ఆ పేరు వెనుక నున్నవారెవరో నేటికిని రూఢి కాలేదు. 2009 జనవరి 3వ తేదీతో ఆ చిట్టా మొదలయ్యెను. మన సంఘపు చిట్టా కార్యదర్శిగారి బీరువాలో నుండును. ఈ చిట్టాకు బీరువాయు లేదు, కార్యదర్శియు లేడు. దాని నకళ్లు లోకమందంతట వేలకొలది కంప్యూటరులలో నుండును. ఏ ఖాతానుండి ఏ ఖాతాకు ఎంత చెల్లినదో ఎవరైనను చూడవచ్చును. ఖాతాలకు మనుష్యుల పేర్లు మాత్రముండవు. సుమారు పది నిమిషముల కొకసారి క్రొత్త పద్దులన్నియు ఒక కట్టగా చిట్టాలో చేరును.

ఆ కట్టను చేర్చు హక్కు ఎవరిది? దానికొక తాళము వంటి లెక్క కలదు. అందులో తెలివికి చోటు లేదు. ఒక సంఖ్య వేసి చూచి, కాదనిన ఇంకొకటి వేసి చూచుచు పోవలసినదే. ముందుగా తగిన సంఖ్య దొరికినవానికి కట్ట చేర్చినందులకు కూలిగా క్రొత్త బిట్‌కాయినులు పుట్టును. ఈ వెదకుటకే త్రవ్వకమని, మైనింగని పేరు వచ్చినది. బనగానపల్లె వజ్రపు గనుల మాట తరతరములుగా వినియున్న మనకు ఈ పేరు భ్రమ గొల్పును. ఇందు త్రవ్వబడు మన్నును లేదు, బయటపడు రాయియు లేదు. ఖర్చగునది కరెంటు.

మొదటి దినములలో కట్ట ఒకటికి 50 బిట్‌కాయినులు కూలి. ఇంటిలో నున్న మామూలు కంప్యూటరే ఆ పనికి చాలెడిది. అప్పుడు దీనిలో దిగినవారు ధనమునకై దిగలేదు. ధరయే లేని వస్తువునకై ఎవరు దిగుదురు? ఉద్యోగము చేసి ఇంటికి వచ్చి, రాత్రివేళ తమ యంత్రమును విప్పి, కూర్చి, ఇది నడచునా నడువదా యని పరీక్షించినవారు వారు. 2010లో ఆటబొమ్మలను తెరపై చూపుటకై చేసిన చిత్రపు కార్డులు ఈ లెక్కను మామూలు యంత్రముకన్న ఎన్నో రెట్లు వేగముగా చేయునని కనిపెట్టిరి. ఆ యేడు మే 22వ తేదీన ఫ్లోరిడాలో ప్రోగ్రాములు వ్రాయు నొకాయన 10,000 బిట్‌కాయినులిచ్చి రెండు పిజ్జాలు తెప్పించుకొనెను. పిజ్జా యనగా పైన జున్ను పరచి కాల్చిన రొట్టె. నేడు ఆ కథ చెప్పి లోకము నవ్వును. మేము నవ్వము. క్రొత్త వంగడమును అయిదు సెంట్లలో వేసి, పండిన గింజలను ఇరుగుపొరుగు వారికి తలా దోసెడు పంచినవానిని మన ఊళ్లలో వెఱ్ఱివాడందుమా? ఆ రొట్టెల బేరము వంటివి జరిగినందుననే ఆ పద్దునకు ఒక వెల కలదని తెలిసినది.

సహకార సభ్యులకు రుచించు సంగతి ఇంకొకటి కలదు. 2010 చివరకు ఒంటరిగా వెదకువానికి నెలల తరబడి ఏమియు దొరకని స్థితి వచ్చెను. అప్పుడు చెక్ దేశపు యువకుడొకడు పలువురి యంత్రములను ఒక చోట కూర్చి, దొరికిన కూలిని ఎవరి పనికి తగినట్లు వారికి పంచు ఏర్పాటు చేసెను. పరపతి సంఘమన్న మాటను విననివారే యయినను, ఒంటరివానికి ఓర్వరాని నష్టమును పదిమంది మీద పరచినచో ఓర్వవచ్చునను మన సూత్రమునకే వారు వచ్చి చేరిరి. ఇంతవరకు ఈ కథలో మేము తప్పు పట్టవలసినదేమియు లేదు. తమ యంత్రము, తమ కరెంటు బిల్లు, తమ నిద్ర. పోయినను ఇల్లు పోదు.

అటుతరువాత కథ మారినది. దానికి కారణమును రైతు బాగుగా తెలిసికొనవలయును. యంత్రములు పెరిగినకొలది తాళము తనంతట కఠినమగును. 2,016 కట్టల కొకసారి, అనగా సుమారు రెండు వారముల కొకసారి, లెక్క కాఠిన్యము సరిదిద్దబడును. పదిమంది వెదకినను, పది లక్షల యంత్రములు వెదకినను, దినమునకు సుమారు 144 కట్టలే. పైగా కూలి నాలుగేండ్ల కొకసారి సగమగును: 2012 నవంబరులో 25, 2016 జూలైలో 12.5, 2020 మేలో 6.25, 2024 ఏప్రిలులో 3.125. మొత్తముమీద 2 కోట్ల 10 లక్షలకు మించి బిట్‌కాయినులు ఎన్నటికిని పుట్టవు.

రాయలసీమలో బోర్లు వేసినవారికి ఇది వేరుగా చెప్ప పనిలేదు. ఒకరు 200 అడుగులు వేయగా నీరు పడినది. ప్రక్క చేనివారు 400 వేసిరి, మొదటి బోరు ఎండినది. మొదటివారు అప్పుచేసి 600 వేసిరి. భూమిలోని నీరు చెంబెడు కూడ పెరుగలేదు. బోరు బండివారి బాకీ పెరిగినది. త్రవ్వకము నందును అదియే జరిగినది. మామూలు కంప్యూటరును చిత్రపు కార్డు ఓడించెను. 2013 నుండి ఈ ఒక్క లెక్కకే చేసిన ప్రత్యేక యంత్రములు వచ్చి కార్డును ఓడించెను. ఆ యంత్రము ఇంకొక పనికి రాదు. క్రొత్త రకము వచ్చిన నాడు పాతది పాత ఇనుము.

కొన్నాళ్లక్రిందట ప్రసిద్ధి కెక్కిన అట్టి యంత్రమొకటి 3,250 వాట్ల కరెంటు తీసికొనును. మన అయిదు హెచ్.పి. మోటారు తీసికొనునది సుమారు 3,700 వాట్లు. మోటారును తడి తీరగానే ఆపుదుము. ఈ యంత్రమును రేయింబవళ్లు ఆపరాదు. దినమునకు 78 యూనిట్లు, నెలకు 2,340 యూనిట్లు. దాని వేడిని చల్లార్చు ఖర్చు వేరు. మన కోయిలకుంట్ల మే నెల ఎట్టిదో చెప్పనక్కరలేదు. ‘బావికాడ కరెంటు ఉచితము గదా, అక్కడ పెట్టిననేమి?’ యని అడుగువారు కలరు. 2004 నుండి మన రాష్ట్రములో ఉచితముగా ఇచ్చుచున్నది పైరు తడుపుటకు. దానిని వేరు పనికి త్రిప్పినచో 2003 నాటి విద్యుచ్ఛట్టము ప్రకారము అక్రమ వినియోగమగును. చట్టము మాట యట్లుండనిండు. ఆ ట్రాన్స్‌ఫార్మరు క్రింద పదిమంది పైరులు గలవు. అది కాలిన నాడు యంత్రముగలవాడు ఊరిలో తలయెత్తుకొని తిరుగగలడా?

ఇక కొనుగోలు అమ్మకముల సంగతి. చిట్టా చెడలేదు గాని, దానిని నమ్మి వచ్చినవారి పెట్టెలు మాత్రము పలుమారులు పగిలినవి. టోక్యోలోని మౌంట్ గాక్స్ అను మారకపు కొట్టు 2014 ఫిబ్రవరిలో దివాలా తీసి, సుమారు 8,50,000 బిట్‌కాయినులు పోయినవని చెప్పెను. వానిలో 2 లక్షలు తరువాత కనబడెను. మన దేశమందలి వజీర్ఎక్స్ నుండి 2024 జూలై 18వ తేదీన దొంగలు సుమారు 23 కోట్ల డాలరుల విలువ గలవానిని తీసికొనిపోయిరి. తన పెట్టె తానే కాచుకొందునన్నను చిక్కే. వేల్సు దేశపు న్యూపోర్టులో ఒకాయన తాళపుచెవి గల డిస్కు 2013లో చెత్తతో పోయి, వేలకొలది బిట్‌కాయినులు అక్కరకు రాకుండ నిలిచిపోయినవి. ఆ చిట్టాలో అర్జీ పెట్టుకొనుటకు రిజిష్ట్రారు లేడు.

వీనికన్న మన గ్రామములకు దగ్గరగా వచ్చు అపాయము వేరొకటి. త్రవ్వకము మేము చేయుదుము, మీరు సొమ్ము కట్టుడు, నెలనెల వాటా తీసికొనుడు అనునది. గెయిన్‌బిట్‌కాయిన్ అను సంస్థ 2015 నుండి, నెలకు నూటికి పది చొప్పున 18 మాసములు ఇత్తుమని చెప్పి దేశమంతట సొమ్ము వసూలు చేసెను. నడపినవారిని 2018లో అరెస్టు చేసిరి. కూలి నాలుగేండ్లకొకసారి సగమగుచు, తాళము రెండువారముల కొకసారి మారు పనిలో నెలకు నూటికి పది స్థిరముగా ఎట్లు వచ్చును? ఎవరైన ఇట్టి మాటతో మీ అరుగు మీదికి వచ్చినచో ఈ ఒక్క ప్రశ్న అడుగుడు. ఇంకొక నలుగురిని చేర్పించిన కమీషనిత్తుమని బదులు వచ్చినచో మజ్జిగ ఇచ్చి పంపివేయుడు.

మా మాటకు అడ్డు చెప్పువారును కలరు. సేద్యము మాత్రము జూదము కాదా, శనగకు ఈ యేడు ధర యుండును, వచ్చు నేడుండదు, వాన రాదు, వచ్చిన నిలువదు, అందురు. నిజమే. మొదట పెట్టుకొన్నవారు కోటీశ్వరులయినది కూడ నిజమే; 2010లో రూపాయి కూడ చేయని బిట్‌కాయిన్ 2024 డిసెంబరులో లక్ష డాలరులు దాటెను. అయితే తుగ్గలి, జొన్నగిరి చేలలో తొలకరికి వజ్రము దొరికినవాని పేరు పత్రికలో పడును. దూరపు ఊళ్లనుండి వచ్చి వారము దినములు వంగి వెదకి వట్టి చేతులతో పోయినవాని బస్సు ఛార్జీ లెక్క ఎవరును వ్రాయరు. ఆ వెదకువారి కాళ్లక్రింద నలిగిన విత్తనము ఎవరిదో అదియు వ్రాయరు. నల్లరేగడిలో శనగ చెడినను భూమి మిగులును, గుంటక మిగులును, మరుసటి యేడు జొన్న వేయవచ్చును. ధర పడిన పద్దు పొట్టు కూడ ఇయ్యదు.

చట్టమేమనుచున్నదో సంక్షేపముగా చెప్పెదము. రిజర్వు బ్యాంకు 2013 డిసెంబరులోనే ప్రజలను హెచ్చరించెను. 2018 ఏప్రిలులో ఇట్టి వ్యాపారులకు బ్యాంకులు సేవ చేయరాదనెను. 2020 మార్చి 4వ తేదీన సుప్రీంకోర్టు ఆ ఉత్తరువును కొట్టివేసెను. కావున కొనుట నేరము కాదు. దానిని నాణెముగా ప్రభుత్వ మంగీకరించినదియు లేదు. 2022 ఏప్రిలు 1 నుండి లాభముపై నూటికి 30 పన్ను. ఒకదానిపై వచ్చిన నష్టమును ఇంకొకదాని లాభములో తగ్గించుకొన వీలులేదు. సేద్యపు రాబడికి ఆదాయపు పన్ను లేదని అలవాటుపడిన మనవారు ఇది గమనింపవలెను.

ఇప్పుడు అప్పు మాట. 3 లక్షల వరకు పంట అప్పునకు వడ్డీ నూటికి 7. గడువులోపల చెల్లించిన నూటికి 4 మాత్రమే పడును. మిగిలిన భారమును వహించునది ప్రజల సొమ్ము. ఇంత చౌకగా దొరకు రొక్కమును చూచి, విత్తనమునకని తీసి ఫోనులో బేరము చేయుదమను ఆశ యువకులకే గాదు, పెద్దలకును పుట్టును. ఆ సొమ్ము పోయిన నాడు బాకీ ఆ యొక్కనిది కాదు. సంఘమున బాకీలు పేరుకొన్నచో జిల్లా బ్యాంకు చేయి బిగించును; ఒక్క రూపాయి తప్పక కట్టిన విధవరాలికి కూడ మరుసటి ఖరీఫున అప్పు ఆలస్యమగును. పంట అప్పును ఈ బేరములకు మళ్లించినవారికి బాకీ తీరువరకు క్రొత్త అప్పు ఇయ్యరాదని సర్వసభ్య సమావేశమున తీర్మానము చేయవలెనని మా అభిప్రాయము. కఠినమని కొందరందురు. కానిండు.

పిల్లవాని ముచ్చటను మాత్రము త్రుంచివేయవద్దు. వాడు పాత కంప్యూటరు విప్పి కూర్చుకొన్నను, ఈ చిట్టా ఎట్లు నడచునో తన చేతి ఖర్చుతో నేర్చుకొన్నను, అది మొదటి దినములవారు చేసిన పనియే. నేర్చిన విద్య పోదు. ఇట్టి చిట్టా పద్ధతిని భూమి రికార్డులకు వాడవచ్చునేమో యని మన రాష్ట్ర ప్రభుత్వమే 2017లో స్వీడను దేశపు సంస్థ యొకదానితో కలిసి యత్నించెను. అడంగలులో ఒక్క గీత మారినందున కచేరీల చుట్టు ఏండ్లు తిరిగినవారికి, ఎవరును దొంగచాటుగా దిద్దలేని చిట్టా యనిన ఎంత మేలో తెలియును.

ఆ మేలు మన సంఘమునకును కొంత కావలయును. 2022 జూన్‌లో కేంద్ర ప్రభుత్వము 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘముల లెక్కలను కంప్యూటరులలోని కెక్కించుటకు 2,516 కోట్ల రూపాయల పథకమును మంజూరు చేసెను. పాత ఆవర్జాలనుండి క్రొత్త యంత్రమున కెక్కించునపుడు పద్దులు తారుమారగుట ఏ కచేరీలోనైన జరుగును. అట్టి తప్పును కనుగొనుటకు పద్దుగల సభ్యునికన్న తగినవాడు లేడు. అయితే మన సభ్యులలో ఆ తెరపైని లెక్క చదువగలవారు తక్కువ. సంక్రాంతికి ఇండ్లకు వచ్చు విద్యార్థులు తమ తండ్రుల పాసుపుస్తకములను, రసీదులను పట్టుకొని కార్యాలయమునకు వచ్చి, తెరపైని పద్దులతో ఒక్కొక్కటియే సరిచూడవలెను. తేడా కనబడినచో తేదీయు, రసీదు నెంబరును వ్రాసి కార్యదర్శిగారికి ఇచ్చి, ముట్టినట్లు సంతకము తీసికొనవలెను.