పడినవాడు లేవకపోతే ఆట ఆపాలి

సంక్రాంతి దగ్గరపడుతోంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఊరూరా కమిటీలు చందాలకు బయల్దేరాయి. పండగ నాటికి సంగిడీ రాళ్లు బయటకొస్తాయి. కబడ్డీ కోర్టుకు సున్నం గీతలు పడతాయి. తప్పెటగుళ్ల దళాలకు అడ్వాన్సులు అందుతాయి. షామియానా, మైకు, ఫ్లెక్సీలు, బహుమతులు, వేదికమీద ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలి అన్నవన్నీ కాగితం మీద రాసుకుంటారు. బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి, రిటైరయ్యాక కూడా ఈ పోటీలకు విజిల్ పట్టుకుని నిలబడుతున్నవాణ్ని. ఆ కాగితం మీద ఇంకొక్క ప్రశ్న రాసుకోమని కమిటీలను వేడుకుంటున్నాను. ఆటలో ఎవరైనా పడి లేవకపోతే ఆట ఆపే అధికారం ఎవరిది?

ఈ ప్రశ్నకు జవాబు ముందుగా లేకపోతే ఏం జరుగుతుందో ప్రపంచానికి బాగా తెలియజెప్పినవి టీవీ కుస్తీలు. మన పిల్లలకు అవి కొత్తకాదు. 2023 సెప్టెంబరు 8న హైదరాబాద్ గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో డబ్ల్యూడబ్ల్యూఈ ప్రదర్శన జరిగి, జాన్ సీనా వచ్చినప్పుడు, నా దగ్గర చదువుకున్న కుర్రాళ్లు కొందరు రాత్రి రైలెక్కి వెళ్లొచ్చారు. ఆ కుస్తీలో ఎవరు గెలవాలో ముందే రాసుకుంటారన్న సంగతి వాళ్లకూ తెలుసు. గెలుపోటములు రాసుకున్నవే అయినా పడే ఎత్తు నిజం, తగిలే దెబ్బ నిజం, మెడ ఎముక నిజం. అయితే పడటమే అక్కడ విద్య కాబట్టి, నిజంగా పడినప్పుడు కూడా జనం ఈల వేస్తారు. అలాంటి చోట తేడా చెప్పాల్సిన బాధ్యత ఆటను నడిపేవాళ్లదే.

1999 మే 23న అమెరికాలోని కాన్సాస్ సిటీలో, కెంపర్ అరీనాలో ఆ బాధ్యతను వదిలేశారు. ఓవెన్ హార్ట్ అనే 34 ఏళ్ల కెనడా మల్లయోధుడిని పైకప్పు నుంచి తాడుతో రింగులోకి దించుతుండగా నడుముకు కట్టిన పట్టీ కొక్కెం ఊడిపోయింది. దాదాపు 78 అడుగుల ఎత్తునుంచి పడ్డాడు. ఆ క్షణంలో టీవీ తెరమీద ముందే తీసిన వీడియో నడుస్తోంది కాబట్టి ఇళ్లలో ఉన్నవాళ్లకు పడటం కనిపించలేదు. హాల్లో ఉన్న వేలమంది కళ్లారా చూశారు. పడింది మనిషా, బొమ్మా అని కొందరికి అనుమానం. ఆయన్ను ఆస్పత్రికి తరలించారు, ప్రాణం దక్కలేదు. ప్రదర్శన మాత్రం ఆగలేదు. అదే రింగులోకి, అదే రాత్రి, ఓవెన్ జోడీగా ఆడిన స్నేహితుడు జెఫ్ జారెట్ కూడా దిగాల్సి వచ్చింది. వ్యాఖ్యాత జిమ్ రాస్ ఆ మరణవార్తను టీవీ ప్రేక్షకులకు చెప్పాడు. టిక్కెట్టు కొనుక్కుని హాల్లో కూర్చున్నవాళ్లకు మాత్రం ఎవరూ చెప్పలేదు. ఒక మనిషి చనిపోయాడని తెలియకుండానే వాళ్లు మిగతా పోటీలకు చప్పట్లు కొట్టి ఇళ్లకు వెళ్లారు.

మర్నాడు సెయింట్ లూయిస్‌లో సంతాప ప్రదర్శన పెట్టారు. చనిపోయిన మల్లుడి గౌరవార్థం గంటను పదిసార్లు కొట్టడం ఆ రంగంలో ఆచారం. ఆ గౌరవాన్ని నేను తక్కువ చేయను. కానీ ఆ మర్యాద ముందు రోజు దక్కాల్సింది. ఓవెన్ భార్య మార్తా హార్ట్ కంపెనీమీద దావా వేసి, 2000లో 1.8 కోట్ల డాలర్ల పరిహారంతో రాజీకి వచ్చారు. భర్త పేరిట ఫౌండేషన్ పెట్టి పేద విద్యార్థులకు, ఇల్లులేని కుటుంబాలకు సాయం చేస్తున్నారు. వ్యాపార సంస్థ చేయాల్సిన పని ఒక భార్య చేసి చూపించింది.

2015 మార్చి 20న మెక్సికోలోని తిహువానాలో పెర్రో అగ్వాయో జూనియర్ అనే 35 ఏళ్ల యోధుడు దెబ్బతిని రింగు తాళ్లమీద వాలిపోయాడు. మెడ వెన్నుపూసలు విరిగాయి. అతను కదలడం లేదని తోటివాళ్లకు వెంటనే తట్టలేదు, పోటీ మరికాసేపు సాగింది. ఒకరు లేపడానికి కుదిపారు. మెడ దెబ్బతిన్నవాణ్ని కుదపడమంత ప్రమాదం ఇంకొకటి లేదు. డాక్టరు లోపల వేరే గాయాలు చూస్తున్నాడు. స్ట్రెచర్ అందుబాటులో లేక చెక్కపలకమీద మోసుకుపోయారు. అక్కడ చెడ్డవాళ్లెవరూ లేరు. ఎవరు ఏం చేయాలో ముందుగా అనుకోకపోవడమే జరిగింది.

ఈ తిహువానాను నేను మన జిల్లాలోనే చూశాను. కొన్నేళ్ల కిందట నాగావళి ఒడ్డున ఒక ఊళ్లో రాత్రి ఫ్లడ్‌లైట్ల కింద కబడ్డీ ఫైనల్. రైడ్‌కి వెళ్లిన కుర్రాణ్ని నలుగురు పట్టి పడేశారు. తల నేలకు తగిలింది. అందరూ లేచారు, వాడు లేవలేదు. నేను ఆట ఆపుతూ పొడవుగా విజిల్ ఊదాను. జనం మాత్రం సమయం తినేస్తున్నాడనుకుని ‘లెగు, లెగు’ అని ఒకటే అరుపులు. మైకులో సినిమా పాట వేశారు. ఇద్దరు కుర్రాళ్లు కాళ్లూ చేతులూ పట్టి ఎత్తబోతే ‘ముట్టుకోవద్దు’ అని గట్టిగా అరవాల్సి వచ్చింది. కమిటీ పెద్ద ఒకాయన వచ్చి, ‘ఏటీ కాదు మాస్టారూ, పక్కన పడుకోబెడదాం, పది నిమిషాల్లో ముఖ్య అతిథి వచ్చేస్తారు’ అన్నాడు. ఆ మాటలో దుర్మార్గం లేదు, భయం ఉంది. ఆట ఆగితే ఊరి పరువు పోతుందన్న భయం.

ఇంతలో ఆడవాళ్లవైపు నుంచి ఆ కుర్రాడి తల్లి జనాన్ని తోసుకుంటూ వచ్చింది. ‘ఓలమ్మో, నా బిడ్డకేటయిపోయిందర్రా’ అని ఆమె నేలమీద కూలబడ్డాకే పాట ఆగింది. ఆమె అరిచేదాకా ఆ మైదానంలో సగంమందికి సంగతి తెలియదు. 108 వచ్చేసరికి దారి నిండా మోటారు సైకిళ్లు, వాటిని పక్కకు లాగడానికే చాలాసేపు పట్టింది. కుర్రాడు బతికాడు. మళ్లీ కోర్టులోకి దిగలేదు. ఇప్పుడు పైడిభీమవరంలో ఒక ఫ్యాక్టరీలో పనిచేసుకుంటున్నాడు. కనబడినప్పుడల్లా నమస్కారం పెడతాడు. ఆ తల్లి గొంతు ద్వారా జనానికి తెలిసిన వార్త మైకు ద్వారా తెలిసి ఉండాల్సింది. నా పట్టుదలంతా ఇదే.

బలమైనవాడికి ఏమీ కాదన్న నమ్మకం మన ప్రాంతంలో గట్టిగా పాతుకుపోయింది. దానికి కారణం ఉంది. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో పెరిగి, అక్కడే బడిలో వ్యాయామ శిక్షకుడిగా పనిచేసిన కోడి రామమూర్తి నాయుడు మనవాడు. ఛాతీమీద ఏనుగును నిలబెట్టుకున్నాడు. ఒంటికి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి పూరించి తెంపాడు. రెండు మోటారు కార్లను రెండు చేతులకు కట్టించుకుని కదలనివ్వలేదు. సొంతంగా సర్కస్ కంపెనీ నడిపాడు. లండన్‌లో అయిదో జార్జి చక్రవర్తి ఎదుట ప్రదర్శన ఇచ్చాడు. కలియుగ భీముడన్నారు, ఇండియన్ హెర్క్యులిస్ అన్నారు. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరే పెట్టుకున్నాం. విశాఖ బీచ్‌రోడ్డులో విగ్రహం నిలబెట్టుకున్నాం. నా తరం పిల్లలందరం గరిడీల్లో ఆయన పేరు చెప్పుకునే దండీలు తీశాం.

ఆయన కథలో రెండో సగాన్ని మాత్రం పిల్లలకు చెప్పడం మానేశాం. కాలికి పుండు లేచి ముదిరితే డాక్టర్లు ఆ కాలు తీసేయాల్సి వచ్చింది. మత్తుమందు లేకుండా ప్రాణాయామంతోనే ఆ కోతను భరించాడని మన వైపు గొప్పగా చెప్పుకుంటారు. అలా చెప్పుకోవడంలోనే మన గుడ్డితనం ఉంది. ఒక కాలు పోగొట్టుకున్న మనిషి బాధలో కూడా మనకు బలప్రదర్శనే కావాలి. కోట్ల మంది కొలిచిన ఆ వీరుడు 1942 జనవరిలో ఒడిశాలోని బలాంగీర్‌లో కన్నుమూశాడు. ఆయన శరీరం కూడా మన శరీరం లాంటిదే, మందు కావాల్సినది, విశ్రాంతి కావాల్సినది. ఈ మాట ఆయన పేరున్న స్టేడియంలో ప్రతి పోటీకి ముందు చెబితే ఆయనకు అదే సరైన గౌరవం.

నటనకూ నిజానికీ మధ్య గీత చెరిపేసే నిర్వాహకులు కూడా ఈ గుడ్డితనాన్ని పెంచుతున్నారు. 2016 ఫిబ్రవరిలో ఉత్తరాఖండ్‌లోని హల్ద్వానీలో మల్లయోధుడు ది గ్రేట్ ఖలీ నెత్తురోడుతూ రింగులోంచి ఆస్పత్రికి వెళ్లాడు. ఆస్పత్రి మంచంమీది బొమ్మలు దేశమంతా చూసింది, ఎందరో కంగారుపడ్డారు. కొద్ది రోజులకే డెహ్రాడూన్‌లో రింగులోకి దిగి గెలిచాడు. గాయాన్ని కథలో మలుపుగా వాడుకుంటే, రేపు నిజంగా పడిన అనామకుడి కేక ఎవరూ నమ్మరు.

నమ్మించే మార్గాలూ ఉన్నాయి. రింగులో యోధుడికి నిజంగా దెబ్బ తగిలితే రిఫరీ తలపైన రెండు చేతులూ అడ్డంగా, గుణకారం గుర్తులా పెడతాడు. ఇక నటన లేదు, డాక్టరు రావాలని దానర్థం. 2012 సెప్టెంబరు 10న మాంట్రియల్‌లో వ్యాఖ్యాత జెర్రీ లాలర్ ప్రత్యక్ష ప్రసారం మధ్యలో గుండెపోటుతో బల్లమీద కూలిపోయాడు. పక్కనే డాక్టర్లు ఉన్నారు, వెంటనే గుండెమీద ఒత్తిడి మొదలుపెట్టారు. తోటి వ్యాఖ్యాత మైకేల్ కోల్ ఇది ప్రదర్శనలో భాగం కాదని ప్రేక్షకులకు సూటిగా చెప్పాడు. పోటీలు నడిచినా ఆ రాత్రి వ్యాఖ్యానం ఆపేశారు. రెండు నెలలకు లాలర్ తిరిగొచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. కాన్సాస్ సిటీకీ మాంట్రియల్‌కూ మధ్య గడిచిన పదమూడేళ్లలో నేర్చుకున్నది ఒక మనిషిని బతికించింది.

ఆట ఆపితే జనం గొడవ చేస్తారని కమిటీలవాళ్లు అంటారు. జనాన్ని వాళ్లు తక్కువగా అంచనా వేస్తున్నారు. 2009 జూన్ 13న హిరోషిమాలో మిత్సుహారు మిసావా అనే 46 ఏళ్ల యోధుడు రింగులో స్పృహ తప్పితే రిఫరీ పోటీ ఆపేశాడు. ప్రేక్షకులు వెళ్లిపోకుండా ఆయన పేరు పిలుస్తూ నిలబడ్డారు. ఆయన బతకలేదు, కానీ ఏం జరుగుతోందో వాళ్లకు తెలుసు. 2021లో కోపెన్‌హాగన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లో క్రిస్టియన్ ఎరిక్సెన్ గుండె ఆగి పడిపోతే, డెన్మార్క్ ఆటగాళ్లు చుట్టూ దడి కట్టి కెమెరాలకు అడ్డుగా నిలిచారు. ఫిన్లాండ్ అభిమానులు ‘క్రిస్టియన్’ అంటే డెన్మార్క్ అభిమానులు ‘ఎరిక్సెన్’ అని అందుకున్నారు. ఆయన బతికాడు, మళ్లీ ఆడాడు. 2023 జనవరి 2న అమెరికా ఫుట్‌బాల్ ఆటగాడు డామర్ హామ్లిన్ సిన్సినాటిలో కూలిపోతే కోట్ల డాలర్ల వ్యాపారమున్న ఆ మ్యాచ్‌నే రద్దు చేశారు. అతనూ బతికాడు. అంత పెద్ద లీగుకు ఆగడం చేతనైతే మన ఊరి కమిటీకి ఎందుకు చేతకాదు?

అందుకే ఈ సంక్రాంతికి రెండు జిల్లాల కమిటీలనూ, అనుమతులిచ్చే పోలీసు, రెవెన్యూ అధికారులనూ కోరేవి ఇవి. మొదటిది, ఆట ఆపే అధికారం ఒకే మనిషికి ఇవ్వండి. అతని పేరు మొదట్లోనే మైకులో చెప్పండి. అతను విజిల్ ఊదితే ముఖ్య అతిథి మాట కూడా దాని తర్వాతే. రెండోది, దెబ్బ నిజమని తెలిపే గుర్తు ఒకటి పెట్టుకుని ఆటగాళ్లకూ జనానికీ ముందే చూపించండి. ఆ గుర్తు కనపడగానే పాట ఆగాలి, మైకు పట్టినవాడు ఉన్నది ఉన్నట్టు చెప్పాలి.

మూడోది, స్ట్రెచర్ కొనండి. ఒక ఫ్లెక్సీ తగ్గించుకుంటే చాలు. మెడ కదల్చకుండా ఎత్తడం, గుండె ఆగితే ఛాతీమీద నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కడం తెలిసినవాళ్లు ఇద్దరైనా మైదానం పక్కనే ఉండాలి. గుండె లయ తప్పి ఆగినప్పుడు షాక్ అందడం ఆలస్యమైన ప్రతి నిమిషానికీ బతికే అవకాశం నూటికి ఏడెనిమిది నుంచి పది వంతులు తగ్గుతుందని వైద్యులు చెబుతున్నారు. బళ్లలో ఉన్న వ్యాయామ ఉపాధ్యాయులందరికీ దీనిలో శిక్షణ ఇప్పించడం జిల్లా యంత్రాంగానికి పెద్ద పని కాదు. పీహెచ్‌సీ డాక్టరును పిలిచి వేదికమీద ముందు వరసలో కూర్చోబెట్టండి. 2005 ఆగస్టు 15న మన ఉమ్మడి రాష్ట్రంలోనే మొదలైన 108 వాహనం మైదానందాకా రావడానికి దారి వదలండి.

నాలుగోది, చందాలో ఒక భాగం దెబ్బతిన్నవాడి వైద్యానికని ముందే పక్కన పెట్టండి. గెలిచినవాడికి కప్పు ఇచ్చే ఊరు పడినవాడికి మందు ఇవ్వలేనంత పేదది కాదు. ఈ నాలుగూ రాసివ్వని కమిటీకి అనుమతి ఇవ్వకూడదు.

చూడటానికి వచ్చే మీకూ ఒక మాట. ఎవరైనా పడి లేవకపోతే ఫోన్లు జేబులో పెట్టుకోండి. పడినవాడి తల్లి ఆ వీడియోను రేపు ఎవరి చేతిలోనో చూడాల్సి వస్తుంది. వెనక్కి జరిగి గాలి ఆడనివ్వండి, అంబులెన్సుకు దారివ్వండి, విజిల్ ఊదినవాడి పక్షాన నిలబడండి. ఆట సగంలో ఆగినందుకు ఏ ఊరి పరువూ పోదు. మిగిలిన సగం మరో రోజు ఆడుకోవచ్చు.