సవరింపరాని లోపము

ఖమ్మము జిల్లా వేంసూరు ప్రాంతపు పామాయిలు తోటలలో గెలలు కోయు కూలీల చేతులలోని చవక ఫోనులలో ముందుగా సత్తువ కోల్పోవునది బ్యాటరీయే. 2021 దీపావళికి 6,499 రూపాయల వెలతో వెలువడిన జియోఫోన్ నెక్స్ట్‌ను పెక్కురు కెమెరాతోను వేగముతోను తూచిరి గాని, వెనుక మూత ఊడదీసి 3,500 ఎంఏహెచ్ బ్యాటరీని యజమానియే మార్చుకొనవచ్చునన్న గుణమును నేను అన్నిటికంటె మిన్నగా ఎంచుదును. ఏలయన, పేదవాని వస్తువునందు లోపముండుట దోషము కాదు, దానిని అతడు సవరించుకొనలేకపోవుటయే దోషము: ఈ ఫోనులోని 32 జీబీ నిలువ చాలకున్న మెమరీ కార్డు చేర్చుకొనవచ్చును, బ్యాటరీ క్షీణించిన వేరొకటి కొనవచ్చును, కాని 2 జీబీ ర్యామ్‌ను పెంచుటకు సత్తుపల్లిలోనే కాదు, ఖమ్మములోను ఉపాయము లేదు. కావున, చవక ఫోను కొనువారలారా, మార్చదగినదానియందు పొదుపు చేయుడు, మార్చరానిదానియందు మాత్రము లోభింపకుడు.