సంపాదకుని మాట

ఈ సంచికయందలి ప్రధాన వ్యాసమునకు నాయికయైన ఒలీవియా డి హావిలాండ్, 1916లో టోక్యో నగరమున ఆంగ్లేయ దంపతులకు జన్మించి, శైశవముననే కాలిఫోర్నియా చేరి, 1939 నాటి ‘గాన్ విత్ ది విండ్’ చిత్రమున మెలనీ పాత్రచే లోకప్రసిద్ధి గాంచెను. ఆ సౌమ్యమూర్తిని మాత్రమే యెరిగినవారు ఈమె పట్టుదలను ఊహింపజాలరు. తానిచ్చు వేషములను నిరాకరించిన నటులను వార్నర్ బ్రదర్స్ సంస్థ జీతము లేకుండ నిలిపివేయుటయే గాక, ఆ నిలిపిన కాలమును సైతము ఒప్పందపు గడువునకు చేర్చి పొడిగించుచుండగా, బెట్టీ డేవిస్ అంతటి ధీర 1936లో లండను న్యాయస్థానమున ఓడిపోయిన సంగతి యెరిగియు, ఈమె 1943లో వ్యాజ్యమునకు దిగెను. ఎవరినైనను ఏడేండ్లకు మించి కొలువున బంధింపరాదను కాలిఫోర్నియా శాసనమునకు, సెలవులు, నిలుపుదలలు మినహాయింపక వరుసగా గడచిన ఏడేండ్లనియే యర్థమని 1944 డిసెంబరులో అప్పీలు న్యాయస్థానము తేల్చెను. వివాదము సాగినంతకాలము ఆమెకు చిత్రములు దక్కలేదు; పిమ్మట ‘టు ఈచ్ హిజ్ ఓన్’, ‘ది హెయిరెస్’ రెండింటికిని ఆస్కారులు లభించెను. వానికన్న ఆ తీర్పే ఘనతరమని మా యభిప్రాయము. వ్యాసకర్త దీనితో ఏకీభవింపరు. సోదరి జోన్ ఫాంటేన్‌తో ఆమెకుగల వైరమును గూర్చి పత్రికలు వలసినదానికన్న ఎక్కువే వ్రాసియున్నవి గావున మేమా జోలికి పోలేదు.