పాత అచ్చు... కొత్త డబ్బా!

ప్రత్తిపాడు చుట్టుపక్కల పత్తి చేలల్లో ఎర్రటి మాస్సీ ఫెర్గూసన్ ట్రాక్టరును ఎరగని రైతు ఉండడు. ముక్కలు అతికించి తయారుచేసుకునే బొమ్మ విమానాలకు పేరుపడ్డ బ్రిటన్ కంపెనీ ఎయిర్‌ఫిక్స్. దాని మొదటి కిట్ విమానం కాదు, ఈ ఫెర్గూసన్ ట్రాక్టరే!

తమ సేల్స్‌మెన్ వెంట తీసుకెళ్లేందుకు చిన్న నమూనాలు చేసిపెట్టమని ఫెర్గూసన్ సంస్థ అడిగింది. అది 1949. వాటిని బొమ్మలుగా దుకాణాల్లోనూ అమ్మాలనుకున్నారు. ముక్కలన్నీ అతికించి ఇస్తే ఖర్చెక్కువ. అందుకే విడి ముక్కలుగానే అమ్మారు. 1952లో గోల్డెన్ హైండ్ ఓడ, ఆ తర్వాత స్పిట్‌ఫైర్ విమానం వచ్చాయి. అక్కణ్నుంచి ఇక ఆగలేదు.

విచిత్రమేమిటంటే... 1960ల నాటి కిట్లు నేటికీ కొత్త డబ్బాల్లో మళ్లీ మళ్లీ వస్తూనే ఉన్నాయి. ఎందుకని?

కిటుకంతా అచ్చులో ఉంది. ఇటుకల బట్టీలో అచ్చు ఒకటే, ఇటుకలు వేలు. ఇక్కడా అంతే. ఉక్కు దిమ్మెల్లో రెక్క, తోక, చక్రం ఆకారాలను చెక్కుతారు. కరిగించిన ప్లాస్టిక్‌ను ఒత్తిడితో అందులోకి పంపి, చల్లారాక తీస్తారు. ప్లాస్టిక్ చౌక, అచ్చు చెక్కడమే బోలెడు ఖర్చు. ఆ ఖర్చు ఎప్పుడో రాబట్టుకున్న అచ్చు చేతిలో ఉంటే, కొత్త స్టిక్కర్లు, కొత్త డబ్బా ఉంటే చాలు... సరుకు సిద్ధం!

రెండో కారణం జ్ఞాపకాలు. 1957 నాటి 'మాయాబజార్' 2010లో రంగుల్లో వస్తే జనం వెళ్లి చూశారు. 2006 నాటి 'పోకిరి' 2022లో మళ్లీ వస్తే హాళ్లలో ఈలలే ఈలలు. చిన్నప్పుడు జేబులో డబ్బుల్లేక కొనలేని కిట్‌ను పెద్దయ్యాక కొనుక్కునేవారూ అలాంటివారే. చంద్రుడి మీద మనిషి కాలుపెట్టి యాభై ఏళ్లయిన సందర్భంగా, 2019లో రెవెల్ కంపెనీ తన పాత శాటర్న్-5 రాకెట్ కిట్‌ను మళ్లీ తెచ్చింది.

మూడోది... అచ్చే ఆస్తి. 1981లో ఎయిర్‌ఫిక్స్ దివాలా తీసింది. జనరల్ మిల్స్, 1986లో హంబ్రోల్, 2006లో హార్న్‌బీ... చేతులు మారుతూ పోయింది. కొన్నవాళ్లకు దక్కిందల్లా ప్రధానంగా ఆ పేరూ, ఆ అచ్చులూ. ఆ పాత సరుకు ఆసరాతో నిలబడ్డాకే కొత్త అచ్చులకు దారి దొరికింది. అలా వచ్చిన కొత్త కిట్లు కొన్నింటి డబ్బాల మీద 'మేడిన్ ఇండియా' అనే ఉంది!

అయితే చిక్కూ ఉంది. అచ్చు అరిగేకొద్దీ ముక్కల అంచుల్లో ప్లాస్టిక్ పొరలు మిగులుతాయి. అతుకులు కుదరవు. రేకుల గీతలు ఇప్పటి కిట్లలో సన్నగా లోపలికి చెక్కి ఉంటే, పాతవాటిలో చాలామటుకు పైకి ఉబ్బి కనిపిస్తాయి. డబ్బా మీది మెరిసే బొమ్మ చూసి కొన్న పిల్లాడికి అది తన తాత కాలం నాటి అచ్చని ఎవరు చెప్పాలి? 'వింటేజ్ క్లాసిక్స్' అంటూ ఎయిర్‌ఫిక్స్ పాతవాటిని విడిగా అమ్మడం ఆ మేరకు నిజాయతీయే. చెప్పి అమ్మితే జ్ఞాపకం, చెప్పకుండా అమ్మితే మోసం.

పాత అచ్చు తెచ్చే డబ్బు కొత్త అచ్చుకు పెట్టుబడి అయినన్నాళ్లూ కంపెనీకి ఢోకా లేదు. దాన్నే నమ్ముకుని కొత్తవి మానేస్తే మాత్రం, కొనే తాతల తర్వాత కొనే మనవళ్లుండరు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి... ఉక్కు అచ్చులెంత!